పుల్లయ్య తాత కోర్సు

పొద్దున్న ఆరున్నర. సన్నగా తుంపర పడుతోంది. గాలి లేదు.

మాణిక్యం వీధిలో నిలబడి ఆటోలోకి సామాను ఎక్కిస్తోంది. నాలుగు రోజుల కిందట ఆమె మొగుడు పానకాలు కొట్లో మిక్సీ బాగుచేస్తూ చేస్తూ కళ్ళు తిరిగి పడిపోయాడు. అప్పట్నించీ ఆమెకి భయం తగ్గలేదు.

పెదమల్లవరం పట్నంలో ఆ ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు ఇంకొకళ్ళు లేరు. ఆ మాట ఎవరన్నారంటే, వాళ్ళే అన్నారు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం ఎంతమందికి వస్తుంది? వాళ్ళకి వచ్చు.

పానకాలుని ఎవరైనా "ఒక్క నిమిషం ఆగు" అన్నారంటే, గడియారం చూసుకుని అరవై సెకన్లు ఆగేవాడు, అరవై ఒకటో సెకనుకి వెళ్ళిపోయేవాడు. వాళ్ళమ్మ బసవమ్మకి డెబ్భై అయిదేళ్ళు. "తాళం చూసుకోమ్మా" అని పెళ్ళికి వెళితే, తిరిగొచ్చేదాకా తాళం ఎదురుగా పీట వేసుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. తమ్ముడు అంకయ్యకి ఇంకా పెళ్ళి కాలేదు. పెళ్ళిచూపుల్లో "అమ్మాయిని చూసి చెప్పు బాబూ" అన్నారు. చూశాడు. "అమ్మాయేనండీ" అని చెప్పి వచ్చేశాడు. ఇక కూతురు హైమ. పరీక్షలో ఖాళీలు పూరించమన్నారని, ఒక్క ఖాళీ కూడా వదలకుండా నల్ల సిరాతో నిండుగా పూరించి వచ్చింది. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు.

మాణిక్యం మాట తక్కువ మనిషి. తెలివి మాత్రం అత్తింటివాళ్ళదే అలవాటైంది.

పడిపోయిన రోజు డాక్టరుగారు పానకాలు చేతికి పట్టీ కట్టి, గాలి కొట్టి, ముఖం చిట్లించాడు.

"బీపీ ఇంతుంటే ఎలాగయ్యా? ఈ కొట్టూ, ఫోనూ, టీవీ, ఈ గోలంతా వదిలెయ్. ఒక్క నెల మీ తాతలు బతికినట్టు బతుకు. అంతకు మించిన మందు లేదు."

"అలా బతక్కపోతే?" అంది మాణిక్యం.

"బతక్కపోతే మనిషి దక్కడమ్మా."

మాణిక్యం కూలబడింది. పానకాలు మాత్రం నిబ్బరంగా అడిగాడు. "భోజనానికి ముందాండీ, తరవాతా?"

డాక్టరుగారు నవ్వాడు. "ముందూ తరవాతా కూడా."

"కోర్సు మధ్యలో ఆపొచ్చా?"

"ఎందుకాపడం? పూర్తిగా వాడు."

అంతే. అదే రోజు పానకాలు ఫోను తీసుకెళ్ళి బస్టాండులో బెంచీ మీద వదిలేశాడు. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, కళ్ళు తుడుచుకుని వచ్చేశాడు. సాయంత్రం అందరూ కూర్చుని ఆలోచించారు.

"తాత అంటే ఏ తాతన్నయ్యా? ఇద్దరుంటారుగా?" అన్నాడు అంకయ్య.

"మా నాన్న సర్కసులో పులికి స్నానం చేయించేవాడురా" అంది బసవమ్మ గర్వంగా.

"ఇప్పుడు పులిని ఎక్కడ తెస్తాం? నాన్న తరపు తాతే నయం" అన్నాడు పానకాలు.

నాన్న తరపు తాత పుల్లయ్య. పానకాలుకి ఊహ తెలిసేలోపే పోయాడు. గద్దకొండ దిగువన పాక వేసుకుని బతికాడు. బసవమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన ఏడాది ఆ పాకలోనే ఉంది. ఆవిడ మొగుడు అప్పుడు పట్నంలో చదువుకుంటున్నాడు. పాకలో బతుకు తను కళ్ళారా చూసింది ఆ ఒక్క ఏడాదే కాబట్టి, ఆ ఏడాది పుల్లయ్య ఎలా బతికాడో అలాగే బతకాలని తేలింది. రోజూ పొద్దున్నే బసవమ్మ ఒక సంగతి చెప్పాలి. అది ఆ రోజు మోతాదు.

"పానకాలు తాత. అంకయ్య తాతగారి తమ్ముడు. మాణిక్యం మా అత్తయ్య. నేను కొత్త కోడల్ని" అంది బసవమ్మ సిగ్గుపడుతూ.

"మీరు కోడలేంటత్తయ్యా?" అంది మాణిక్యం.

"మరి అప్పుడు కోడల్ని నేనేగా? ఇంకెవరుంటారు?"

మాణిక్యం ఆలోచించింది. నిజమే.

"నేనెవర్ని నానమ్మా?" అంది హైమ.

"అప్పుడింట్లో ఆడపిల్లలు లేరే. ఒక ఆవుండేది."

"ఆవుకి పనేమైనా ఉంటుందా?"

"పాపం, దానికేం పని? తినడం, నిలబడ్డం."

"అయితే నేను ఆవుని" అంది హైమ.

అలా కుదిరింది. ఇప్పుడు ఈ తుంపరలో బయల్దేరుతున్నారు. ఆటో నూకరాజు ఇంజను వేశాడు. పానకాలు ఉలిక్కిపడి చెయ్యడ్డం పెట్టాడు.

"ఆపవయ్యా! తాత ఎద్దుల బండి మీద వచ్చాడు. ఆ బండికి ఇంజనెక్కడిది?"

"మరి ఎలా వెళుతుందండీ?"

ఇంకేముంది? నూకరాజు హాయిగా ముందు కూర్చుని హ్యాండిలు పట్టుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ వెనక నించి తోశారు. కొత్త కోడలు కదా అని బసవమ్మ ముసుగేసుకుని లోపల కూర్చుంది. ఆవు వెనక నడిచింది. మాణిక్యం మొగుడి పక్కనే నడుస్తూ కొంగుతో ఆయన మెడ తుడిచింది. ఎనిమిది కిలోమీటర్లు. గద్దకొండ చేరేసరికి మధ్యాహ్నమైంది.

"ఎంత ప్రశాంతంగా వచ్చాం!" అన్నాడు పానకాలు రొప్పుతూ. "హారను గోల లేదు, పొగ లేదు. పూర్వం వాళ్ళు ఊరికే అన్నేళ్ళు బతికారా?"

సీతాఫలాల తోటలవాళ్ళు ఎప్పుడో వేసి వదిలేసిన పాక ఒకటి అక్కడుంటే, అడిగి అందులో దిగారు. మాణిక్యం మూడు రాళ్ళు పెట్టి, పుల్లలు పేర్చి, అగ్గిపెట్టె తీసింది.

"అయ్యో అత్తయ్యా!" బసవమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "మామగారు అగ్గిపెట్టె కొననిచ్చేవారు కాదు. పక్కింట్లో నిప్పడిగి, పిడక మీద తెచ్చుకునేవాళ్ళం."

పక్కిల్లు మైలు దూరంలో ఉంది. గంగులమ్మ అనే ఆవిడది. మాణిక్యం, అంకయ్య వెళ్ళారు.

"కాస్త నిప్పుంటే పెట్టండి" అంది మాణిక్యం.

"నిప్పేంటమ్మా? గ్యాసు పొయ్యి మాది" అంది గంగులమ్మ.

వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తిరిగి మైలు నడిచి వెళ్ళి రాళ్ళూ, పుల్లలూ, పిడకలూ, అగ్గిపెట్టే మోసుకొచ్చారు. గంగులమ్మ వాకిట్లో పొయ్యి పెట్టి, ఆవిడ చేతికే అగ్గిపెట్టిచ్చి వెలిగించమన్నారు. వెలిగించింది. అప్పుడు మాణిక్యం మర్యాదగా పిడక చాపింది. "కాస్త నిప్పు పెట్టండి."

గంగులమ్మ నిప్పు పెట్టి, ఆ పొయ్యినీ వాళ్ళనీ మార్చి మార్చి చూసింది. "ఇదేదో మీ పాకలోనే వెలిగించుకోవచ్చుగా?"

అంకయ్య జాలిగా నవ్వాడు. "అక్కడే వెలిగించుకుంటే అది అడిగి తెచ్చుకున్న నిప్పెలా అవుతుందండీ? మీరు చదువుకోలేదనుకుంటా."

తీరా పాక చేరేసరికి పిడక బూడిదైంది. మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ బూడిద. ఆ పూటకి అటుకులు తిన్నారు. ఉప్పు కూడా లేదు. పట్నం వెళ్ళినప్పుడల్లా ఉప్పు తేవడం మరిచిపోయేవాడట పుల్లయ్య. అందుకని వీళ్ళూ ముందే గుర్తుపెట్టుకుని మరిచిపోయి వచ్చారు.

మర్నాడు ఎండ కాసింది. అంకయ్య రాత్రంతా ఆలోచించి ఒక సంగతి కనిపెట్టాడు.

"వదినా, నిప్పు ఎందుకారిపోతోందో తెలుసా? మైలు దూరం ఒక్క బిగిన నడిపిస్తున్నాం. అలిసిపోతోంది. మధ్యమధ్య కూర్చోబెట్టాలి."

మాణిక్యం "సరే" అంది. మొగుడికి వేడి అన్నం పడాలి, అదే ఆమె బెంగ.

అంతే. గంగులమ్మ గుమ్మం నించి గద్దకొండ దాకా దారి పొడుగునా నూరు అడుగులకో ఆకుల కుప్ప పోశారు. పిడక మీది నిప్పుని మొదటి కుప్పలో కూర్చోబెట్టారు. అది మండగానే అక్కణ్ణించి కొత్త పిడక అంటించి రెండో కుప్పకి. అక్కణ్ణించి మూడో కుప్పకి. విశ్రాంతి తీసుకుంటూ నిప్పు దర్జాగా పాక చేరింది. అన్నం ఉడికింది. పానకాలు రెండో ముద్ద నోట్లో పెట్టుకునేలోపు ఫారెస్టు గార్డు ఈల ఊదుకుంటూ, కర్ర పుచ్చుకుని, పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఎవరయ్యా మైలు పొడుగునా మంటలు పెట్టింది? కొండ తగలబెడదామనా?"

బసవమ్మ చప్పట్లు కొట్టింది. "మామగారూ, వచ్చాడు! అప్పుడూ అచ్చం ఇలాగే వచ్చాడు! అప్పటాయనకి మీసాలు ఇంకాస్త పెద్దవి."

"ఎప్పుడు వచ్చాను?" అన్నాడు గార్డు.

"రండి, రండి" అని పానకాలు ఎదురెళ్ళి చేతులు పట్టుకున్నాడు. "తరవాతేం చేశాడమ్మాయ్?"

"మిమ్మల్ని చింతచెట్టుకి కట్టేశాడు మామగారూ."

ఇంకేముంది? పానకాలు వెళ్ళి చింతచెట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. అంకయ్య తాడు తెచ్చి గార్డు చేతిలో పెట్టాడు. గార్డు రెండడుగులు వెనక్కి వేశాడు.

"కట్టడమేంటయ్యా? అలా కట్టకూడదు. మంటలు ఆర్పండి చాలు."

"అవి ఆర్పేస్తాం గాని, ముందు కట్టండి బాబూ" అంది మాణిక్యం. "డాక్టరుగారు చెప్పారు. కోర్సు ఆపితే మనిషి దక్కడన్నారు."

"ఏ డాక్టరమ్మా చెప్పింది, చెట్టుకి కట్టమని?"

"పూర్తిగా వాడమన్నారు."

గార్డు ఆ ఐదుగుర్నీ ఒకసారి చూశాడు. అందులో ఒకమ్మాయి జామచెట్టు కింద నిలబడి మాట్లాడకుండా నములుతోంది.

"ఆ పిల్లకేమైంది?"

"ఆవండీ" అన్నాడు అంకయ్య.

గార్డు ఇక నిలబడలేదు. పాపం, పోతూ పోతూ మంటలన్నీ తనే ఆర్పుకుంటూ పోయాడు. చేసేదేముంది? అంకయ్యే కట్టాడు. "నొప్పెట్టట్లేదుగా అన్నయ్యా?" అని అడుగుతూ కట్టాడు.

"ఎవరు విప్పాలి?" అన్నాడు పానకాలు కాసేపటికి.

"మేకలవాడు సాయంత్రం మేకలు తోలుకొస్తూ చూసి విప్పాడు."

సాయంత్రమైంది. ఏ మేకలవాడూ రాలేదు. అంకయ్య ఊళ్ళోకి వెళ్ళి, ఒక మేకలాయన్ని బతిమాలి, మేకలతో సహా పిలుచుకొచ్చాడు. ముప్ఫై మేకలు. ఆయన తాడు ముడి విప్పడంలో మునిగిపోయాడు. మేకలు పాక కప్పు మీది ఆకు తినడంలో మునిగిపోయాయి. ముడి విప్పేసరికి పాకకి వాసాలు మిగిలాయి.

మాణిక్యం పైకి చూసింది. ఆకాశం కనిపించింది.

"అత్తయ్యా!" బసవమ్మ మురిసిపోయింది. "అచ్చం ఇలాగే! ఆ ఏడాది గాలివానకి మన కప్పెగిరిపోయింది. ఎంత బాగా గుర్తుపెట్టుకుని చేస్తున్నారో!"

పానకాలు వాసాల కింద చాప పరిచి వెల్లకిలా పడుకున్నాడు. "చూశావా మాణిక్యం, కప్పు లేకపోతే ఎంత గాలొస్తోందో! పట్నంలో ఏసీ పెట్టుకున్నవాళ్ళు ఇది కనిపెట్టలేకపోయారు."

కాసేపటికి వానొచ్చింది.

మాణిక్యం గొడుగు విప్పి మొగుడి ముఖం మీద పట్టింది. పానకాలు వద్దన్నాడు. తాతకి గొడుగు లేదట. అప్పుడామె గొడుగు తను వేసుకుని, ఆయన ముఖం తన గొడుగు కిందికొచ్చేట్టు వంగి కూర్చుంది.

అయిదో రోజు మోతాదు ఇంకా చేదు.

"ఇవాళ మామగారూ, చినమామగారూ హద్దురాయి దగ్గర కొట్లాడుకుని, కొన్నాళ్ళు మాటలు మానేశారు" అంది బసవమ్మ.

అన్నదమ్ములిద్దరూ ముఖాలు వేలాడేశారు. వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు.

"ఏమని తిట్టుకున్నారు?" అన్నాడు పానకాలు.

"నేను కొత్త కోడల్ని. చెవులు మూసుకున్నా."

ఒక రాయి తెచ్చి మధ్యలో పాతారు. చెరోపక్కా నిలబడ్డారు.

"మొదలెట్టన్నయ్యా."

"నువ్వే మొదలెట్టరా, చిన్నవాడివి."

"దొంగవెధవా" అన్నాడు అంకయ్య మెల్లిగా.

"గట్టిగా అనరా, వినపడలేదు."

"గట్టిగా అంటే నీకు బీపీ పెరుగుతుందేమోనని."

"అదీ నిజమే. అయితే నేను గట్టిగా విన్నట్టు ఉంటాలే. ఒరే, నా హద్దులోకి జరిగావురా!"

"జరిగితే వెనక్కి జరుగుతాలే అన్నయ్యా, దానికేముంది?"

"అలా జరిగిపోతే పోట్లాటెలా అవుతుందిరా? జరగను అనాలి."

"జరగను" అన్నాడు అంకయ్య. అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అంతే, మాటలు ఆగిపోయాయి. ఇద్దరూ వీపులు తిప్పుకుని కూర్చున్నారు. కాసేపటికి పానకాలు హద్దురాయితో అన్నాడు. "వాడు పొద్దున్న ఏమీ తినలేదు. తినమని చెప్పు."

అంకయ్య కూడా రాయితోనే అన్నాడు. "ఆయన తింటేగాని తిననని చెప్పు."

రాయి ఎవరికీ ఏమీ చెప్పలేదు. మాణిక్యం రెండు కంచాల్లో గంజి పోసి, ఒకటి రాయికి ఇటూ, ఒకటి అటూ పెట్టింది. ఆ రోజు నించీ ఆ రాయి వాళ్ళిద్దరికీ ఎంత దగ్గరైందంటే, పొద్దున్న లేవగానే ఇద్దరూ దాన్నే పలకరించేవాళ్ళు.

ఇంత జరుగుతున్నా మాణిక్యానికి భయం పోలేదు. రేపేముందో తెలిస్తే బావుండును. బసవమ్మనడిగితే చెప్పదు. "రేపటిది రేపే. మధ్యలోంచి అడిగితే నాకు తారుమారైపోతుంది. మళ్ళీ మొదట్నించీ చెప్పుకు రావాలి" అంటుంది.

తొమ్మిదో రోజు పొద్దున్న బసవమ్మ ముసుగు సర్దుకుని మామూలుగా చెప్పింది.

"ఇవాళ మామగారికి గుండెలో నొప్పొచ్చి పడిపోయారు."

మాణిక్యం చేతిలో చెంబు జారింది. "తరవాత?"

"తరవాతది రేపు."

పానకాలు కోర్సు తప్పని మనిషి. చాప పరుచుకున్నాడు. "ఎడమ పక్కనా, కుడి పక్కనా అమ్మాయ్?"

"ఎడమే అనుకుంటా మామగారూ. పొయ్యి పక్కకి."

పానకాలు పొయ్యి పక్కకి తిరిగి, ఎడమవైపు చెయ్యి పెట్టుకుని, "అమ్మా" అని పడిపోయాడు. "ఇలాగేనా?"

"కాస్త గట్టిగా పడ్డారు."

లేచి ఇంకాస్త గట్టిగా పడ్డాడు. అప్పుడు కొట్లో కూడా ఇలాగే పడ్డాడు. ఆ చప్పుడు మాణిక్యం గుండెల్లో ఎక్కడో తగిలింది. దగ్గరికెళ్ళి చూస్తే, ఎండకో, పొయ్యి సెగకో, ఆయన నుదురు నిజంగానే చెమట పట్టి ఉంది.

"లేవండి" అంది.

"లేవకూడదే. తాత లేచాడో లేదో రేపటిదాకా తెలీదుగా."

"తాత లేవకపోతే?"

"లేవకపోతే నేనూ లేవను. పూర్తిగా వాడమన్నారుగా." అని, ఆమె ముఖం చూసి మెల్లిగా, "నువ్వు బెంగపెట్టుకోకు. ఈ మందు వాడితేనే నేను బతికేది" అన్నాడు.

రాయికి అటుపక్కన అంకయ్య భోరుమన్నాడు. "ఆయన చచ్చిపోకుండా చూడమని చెప్పు" అన్నాడు రాయితో. హైమ జామకాయ పక్కన పెట్టి, ఏం చెయ్యాలో తెలీక "అంబా" అంది.

మాణిక్యం వెళ్ళి అత్తగారి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"మొదట్నించీ చెప్పండి."

"మొదట్నించీ అంటే చాలా ఉంది. నా పెళ్ళిలో అప్పడాలు చాలకపోవడం దగ్గర్నించీ."

"అక్కణ్ణించే చెప్పండి."

బసవమ్మ చెప్పింది. అప్పడాలు చెప్పింది. అప్పడాలు చాలక అలిగిన చినమామగారి సంగతి చెప్పింది. ఆయనకున్న నత్తి చెప్పింది. బండి, నిప్పు, గార్డు, మేకలు, కప్పు. మధ్యలో రెండుసార్లు కునుకు తీసింది. మాణిక్యం కదల్లేదు. అడ్డు ప్రశ్న వెయ్యలేదు. వేస్తే మళ్ళీ అప్పడాల దగ్గరికి పోవాలి. ఒక చెయ్యి మాత్రం వెనక్కి చాచి మొగుడి కాలి బొటనవేలు పట్టుకుని కూర్చుంది. పొద్దు నడినెత్తికొచ్చింది. అప్పటికి బసవమ్మ గుండెనొప్పి దగ్గరికి చేరింది. ఆగలేదు. ఆ ఊపులో రేపటిదీ వచ్చేసింది.

"...మామగారు పడిపోయారా, అత్తయ్య ఊరుకుందా? ఉన్న పళాన బండి కట్టించి, మామగారిని పడుకోబెట్టి, పట్నం డాక్టరు దగ్గరికి తోలించింది. ఆయన బతికించాడు. కళ్ళు తెరవగానే మామగారేమన్నారనుకున్నావ్? 'ఆ పురుగూ పుట్రా, ఆ నిప్పు మొయ్యడాలూ నా వల్ల కాదు. మళ్ళీ ఆ కొండకి పోతే ఒట్టు' అన్నారు. అక్కడే ఇల్లు తీసుకున్నారు. మొదటి నెలలోనే రేడియో కొన్నారు. పొద్దస్తమానం పెట్టేవారు, పక్కవాళ్ళు తిట్టినా ఆపేవారు కాదు. ఎనభై నాలుగేళ్ళు బతికారు."

పానకాలు చాప మీద నించే తలెత్తాడు. "ఏ ఇల్లు?"

"ఏ ఇల్లేంటి? మన ఇల్లే."

ఒక చెట్టు మీద పిట్ట అరిచింది.

"అంటే మన ఇంట్లో, రేడియో పెట్టుకుని, తాత..." పానకాలు వేళ్ళు మడిచి ఆలోచించాడు. "మరి ముందే చెప్పలేదేం?"

"మీరు ఈ ఏడాది సంగతే అడిగారు మామగారూ. వచ్చే ఏడాదిది వచ్చే ఏడాది అడుగుతారనుకున్నా."

మాణిక్యం అప్పటికే లేచింది. తనే అత్తయ్య. ఊరుకోకూడదు. అడ్డంగా రోడ్డు మీదకి పరిగెత్తింది. సీతాఫలాల బుట్టలతో పట్నం పోతున్న వ్యాను ముందు నిలబడి చేతులు చాచింది. డ్రైవరు ఆపాడు. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. హద్దురాయికి నమస్కారం పెట్టి, కావలించుకున్నారు. పానకాలుని బుట్టల మధ్య పడుకోబెట్టారు. హైమ ఎక్కింది. అంకయ్య ఎక్కాడు. మాణిక్యం అత్తగారికి చెయ్యందించింది.

బసవమ్మ చెయ్యి లాక్కుంది.

"అయ్యో, ఆ కంగారులో మీరు నన్ను మరిచిపోయి వెళ్ళిపోయారు. మూడో రోజు గుర్తొచ్చి, వచ్చి తీసుకెళ్ళారు. మీరెళ్ళండి. నన్ను మరిచిపోండి."

"ఇక్కడ ఒక్కరే ఎలా ఉంటారు?" అంది మాణిక్యం.

"ఉండకపోతే ఈయనకి కోర్సు తప్పదూ?"

మళ్ళీ చిక్కొచ్చి పడింది. మబ్బు పట్టింది. డ్రైవరు హారను కొట్టాడు. చినుకు బసవమ్మ ముక్కు మీద పడింది. ఆవిడ పైకి చూసింది, వ్యాను చూసింది.

"పోనీ ఒక పని చేద్దాం. మరిచిపోవడం మీ పని. రావడం నా పని. మీరు మరిచిపోతూ ఉండండి, నేను వస్తూ ఉంటాను. కాస్త జరగండి, తడిసిపోతున్నా."

అందరూ జరిగారు. బసవమ్మ ఎక్కి కూర్చుంది. నలుగురూ వేరే దిక్కు చూస్తూ మరిచిపోవడం మొదలెట్టారు.

"ఈ మామ్మగారు మీవాళ్ళేనా?" అన్నాడు డ్రైవరు.

"తెలీదు బాబూ" అన్నాడు పానకాలు, కష్టపడి. "ఎవరో పెద్దావిడ."

తిన్నగా డాక్టరు దగ్గరికే వెళ్ళారు. డాక్టరుగారు చేతికి పట్టీ కట్టాడు. చూశాడు. విప్పి, మళ్ళీ కట్టి చూశాడు.

"భలేవాడివయ్యా! చాలా తగ్గింది. ఏం చేశావు?"

పానకాలు చెప్పాడు. తోసిన ఆటో, నడిచిన మైళ్ళు, ఉప్పులేని గంజి, నిప్పు విశ్రాంతి, చింతచెట్టు, మేకలు, రాయి. చెప్పడం అయ్యేసరికి డాక్టరుగారు ఆ పట్టీ తన చేతికి కట్టుకుని గాలి కొట్టుకుంటున్నాడు.

"మాత్రలు రాస్తాను, అవి వాడు. ఇంట్లోనే ఉండి వాడు" అన్నాడు. తరవాత గుమ్మంలో ముసుగేసుకుని నిలబడ్డ మనిషిని చూశాడు. "ఆవిడ మీ అమ్మగారు కదూ?"

"ఎల్లుండి దాకా కాదండీ" అన్నాడు పానకాలు.

ఇల్లు చేరేసరికి వాన వెలిసింది. దీపాలు పెట్టేవేళ. పానకాలు తాళం తీశాడు. ఫ్యాను వేసుకుని, దాని కింద కాళ్ళు బారజాపి, "అచ్చం తాత లాగే ఉందే" అన్నాడు తృప్తిగా. అంకయ్య ఆయన పక్కనే చేరి, అయిదు రోజుల మాటలు ఒక్కసారే మొదలెట్టాడు. బసవమ్మ లోపలికి రాలేదు. వీధి అరుగు మీద కూర్చుని, "మీ పని మీరు చూసుకోండి, నాకింకా రెండ్రోజులుంది" అంది.

మాణిక్యం కాఫీ కలిపి ఒక గ్లాసు అరుగు మీదకి తీసుకెళ్ళింది.

"తీసుకోండి పెద్దమ్మా. ఎవరో గాని, పాపం తడిశారు."

బసవమ్మ తాగి చూసింది. "పంచదార తక్కువైంది."

"మా అత్తగారూ ఇలాగే అంటారు."

"ఆవిడెక్కడ?"

"గుర్తు రావడం లేదండీ" అంది మాణిక్యం. పొడి చీర తెచ్చి ఆవిడ భుజాల చుట్టూ కప్పింది. వాకిట్లో లైటు వేసింది.

లోపలికొచ్చి నడవలో నిలబడి లెక్కపెట్టుకుంది. ఫ్యాను కింద ఆయన, ఒకటి. పక్కన మరిది, రెండు. వంటింట్లో గిన్నెలు తెరిచి చూస్తున్న హైమ, మూడు. తన గుండె మీద చెయ్యి వేసుకుంది, నాలుగు. కాస్త వంగి గుమ్మంలోంచి అరుగు వైపు చూసింది, అయిదు.

"అందరం క్షేమంగా వచ్చామా?" అన్నాడు పానకాలు.

"వచ్చామండీ. అయిదుగురం."

పానకాలు లేచి కూర్చున్నాడు. "అమ్మని మరిచిపోయి వచ్చాంగా. మళ్ళీ అయిదుగురం ఎలా అయ్యామే?"

మాణిక్యం మళ్ళీ మొదట్నించీ లెక్కపెట్టింది. అయిదే.

"ఎవరో ఒకరు ఎక్కువ వచ్చారండీ" అంది. "పోనీ, ఉండనివ్వండి."